నేను చూడని సముద్రానికి దారి

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గంలోని మిత్రులు నెల రోజులుగా వెంటబడుతున్నారు. కవిత్వం నాకు చేతకాదు. సైన్సు వ్యాసం వ్రాద్దామంటే మా లెక్చరర్లు ఎర్ర సిరాతో దిద్ది మార్కులు వేస్తారేమోనని భయం. కనుక పోయిన ఫిబ్రవరిలో జరిగిన ఒక ప్రయాణం గురించి వ్రాస్తున్నాను. ప్రయాణం చేసింది నేను కాదు. దాని ఏర్పాటు మాత్రమే నాది. అందులో జరిగిన తప్పు కూడా నాదే.

మా ఊరు ఎర్రవల్లి చౌరస్తాకు దగ్గర. మాది సీడ్ పత్తి వేసే కుటుంబం. గద్వాల పక్క వాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, నాగర్‌కర్నూలు నుంచి వచ్చే మిత్రుల కోసం చెబుతాను. మర్నాడు విచ్చబోయే మొగ్గల్ని సాయంత్రమే వెతికి గోటితో గిల్లి, పొద్దున్నే మగపువ్వు పుప్పొడిని ఒక్కొక్క పువ్వుకూ చేత్తో రాయాలి. క్రాసింగు నడిచినన్నాళ్ళు ఒక్కపూట నాగా పెట్టడానికి లేదు. పెండ్లయినా చావయినా ఒకరు చేన్లో ఉండవలసిందే. అందుచేత మా అమ్మానాయినలు ఊరు విడిచి పోవాలంటే సంక్రాంతి దాటాలి, పత్తి అంతా ఇల్లు వదలాలి.

మా అన్న చదువుకోను ఆస్ట్రేలియా పోయి, మెల్‌బోర్న్ పక్కన వెరిబీ అనే చోట స్థిరపడినాడు. అప్పులు తీరిన సంవత్సరం అమ్మకూ నాయినకూ టిక్కెట్లు పంపించాడు. నాకు పరీక్షలు. అదీగాక ఇంట్లో బర్రెలున్నాయి. ఫోనులో అన్న అన్నాడు: "చెల్లె, నాయినకు సముద్రం చూపియ్యాలె. నాకు ఒక్క దినమే సెలవు దొరికింది. దారి సంగతి నువ్వు చూడు."

యాభై అయిదేళ్ళ మా నాయిన సముద్రం చూడలేదు. ఆ మాటకొస్తే నేనూ చూడలేదు. చూడనిదాన్ని చూపించే పని నా నెత్తిన పడింది.

మెల్‌బోర్న్‌కు పడమట గ్రేట్ ఓషన్ రోడ్ అని ఒక దారి ఉంది. టార్కీ అనే ఊరి దగ్గర మొదలై అలన్స్‌ఫర్డ్ దగ్గర ముగుస్తుంది. 243 కిలోమీటర్లు. వారం రోజులు హాస్టలు స్నేహితురాలి ఫోనులో, మా ఫోనులో పటాలు చూసి పొడుగు నోటుబుక్కులో దారి గీశాను. ఫోన్లు ఉండగా కాగితమెందుకంటారేమో. ఆ దారి మధ్యలో ఆట్వే అడవులున్నాయి, అక్కడ సిగ్నల్ సరిగా రాదు. పెట్రోలు బంకులు కూడా తక్కువ గనుక అపోలో బే అనే ఊళ్ళో టాంకు నింపుకోవాలని ఎర్ర పెన్నుతో వ్రాశాను. రైలు, బస్సు సంగతి కూడా చూశాను. గీలాంగ్ దాకా రైలు, అక్కడి నుంచి అపోలో బేకు బస్సు ఉన్నాయి. అది దాటినాక బస్సు రోజూ ఉండదు. అన్న కారే మేలనిపించింది.

ఇంకొక సంగతి కనిపెట్టి చాలా గర్వపడ్డాను. ఆస్ట్రేలియాలోనూ మనలాగే ఎడమవైపు నడుపుతారు. సముద్రం దక్షిణాన ఉంది. తూర్పు నుంచి పడమటికి పోతే ఎడమపక్కన నీళ్ళే నీళ్ళు, మధ్యలో ఎదురు బండ్లు అడ్డం రావు. కనుక పోయేటప్పుడు ఒడ్డు దారి, వచ్చేటప్పుడు లోపలి పెద్ద రోడ్డు. నాయిన ముందు సీట్లో, ఎడమ కిటికీ దగ్గర. ఇదంతా అరుగు మీద కూర్చోబెట్టి చెబుతుంటే నాయిన బీడీ ఆర్పి ఒకే ప్రశ్న వేశాడు.

"గుట్టను పక్కకు కోసి రోడ్డేసిన్రు అంటున్నవు గద. ఎవరు తవ్విన్రు?"

నేను నోటుబుక్కులో కిలోమీటర్లు వ్రాసుకున్నాను, హోటళ్ళు వ్రాసుకున్నాను. ఈ సంగతి చూసుకోలేదు. అడగడానికి నాయినకు కారణముంది. పదిహేనేళ్ళ వయసులో ముందు పైకం తీసుకొని గుంపు మేస్త్రీ వెంట మహారాష్ట్రలో ఒక కాలువ పనికి పోయినవాడు. పాలమూరు లేబర్ అంటే ఏ ప్రాజెక్టు వాళ్ళకైనా తెలుసునని మనం గొప్పగా చెప్పుకొంటాం గాని, ఆ డేరాల సంగతి మా నాయిన ఇంట్లో ఎన్నడూ ఎత్తడు.

వెతికి చదివి చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు, సుమారు 3,000 మంది, 1919లో మొదలుపెట్టి తవ్వారు. గడ్డపారలు, పారలు, తోపుడుబండ్లు, మందుగుండు. డేరాల్లో కాపురం. యుద్ధంలో పోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా కట్టిన దారి అది. 1932లో పూర్తయింది. 1924లో కసీనో అనే స్టీమరు ఆ ఒడ్డున రాతికి తగిలితే, బరువు తగ్గించుకోవడానికి 500 పీపాల బీరూ, 120 పెట్టెల సారాయీ సముద్రంలో పారేశారట. అవి కూలీల డేరాల వైపు కొట్టుకువచ్చాయి. రెండు వారాలు రోడ్డు పని ఆగిపోయిందని చెప్పుకొంటారు.

నాయిన చాలాసేపు నవ్వాడు. తర్వాత, "మా మేస్త్రీ అయితే ఆ రెండు వారాల కూలి కోసుకుంటుండె" అన్నాడు. డేరాల గురించి ఆయన నోట నేను విన్న మొదటి మాట అదే.

ఇక నా తప్పు. గద్వాల నుంచి హైదరాబాదు సుమారు 190 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు. నలభైనాలుగో నంబరు జాతీయరహదారి నా తలలో ఉన్న కొలబద్ద. మొత్తం దూరాన్ని అరవైతో భాగించి, పొద్దున ఏడింటికి వెరిబీ వదిలితే పన్నెండు లోపల ట్వెల్వ్ అపోసల్స్ అనే రాతి స్తంభాల దగ్గర ఉంటారని వ్రాసి ఇచ్చాను. సగం దూరం 80 వేగంతో, సగం దూరం 40 వేగంతో పోతే సరాసరి 60 కాదు, 53 చిల్లర అని ఇంటర్‌లోనే చదువుకున్నాం. పరీక్షలో వ్రాశాను కూడా. ఇంటి పనికి వచ్చేసరికి ఆ చదువు ఎటు పోయిందో! పైగా ఆ దారిలో మలుపు మీద మలుపు. పటంలో సన్నని నల్లగీతలా కనిపించింది, అంతే. అమ్మ హైదరాబాదు బస్సులో హాయిగా నిద్రపోతుంది కనుక వాంతుల ఆలోచనే రాలేదు.

ఆ రోజు పొద్దున ఏడున్నరకు నేను చౌరస్తాలో వనపర్తి బస్సు కోసం నిలబడి ఉన్నాను. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. ఫోను మోగింది. అన్న గొంతులో కోపం. లార్న్ దాటినప్పటి నుంచి అమ్మ ఆపకుండా వాంతులు చేసుకుంటోంది. పది నిమిషాలకు ఒకసారి ఆపుకుంటూ అప్పుడే అపోలో బే చేరారు. ముందున్న అడవి దారి కూడా మలుపులే. మర్నాడు తెల్లవారి అతనికి డ్యూటీ. "నువ్వు గీసిన దారి ఇట్లుంది" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కలేదు. అమ్మకు ఫోను ఇమ్మంటే, "ఏం గాలేదు బిడ్డా, కాలేజీకి పో" అంది. ఆ గొంతు వింటే ఇంకా భయమేసింది.

తర్వాత బస్సెక్కి, ఊగుతూనే పటం మళ్ళీ చూశాను. వచ్చిన దారిన తిరిగిపోతే అవే మలుపులు. స్కీన్స్ క్రీక్ నుంచి ఫారెస్ట్ అనే ఊరి మీదుగా లోపలికి పోతే మొదట కొండ ఎక్కాలి గాని తర్వాత దారి చక్కనవుతుంది. అన్నకు మెసేజి పెట్టాను. అట్లాగే పోయారు. అపోసల్స్ చూడలేదు.

మరి సముద్రమో? దాన్ని చూశారు. అపోలో బే ఒడ్డున అమ్మను గడ్డి మీద పడుకోబెట్టి, వదిన నిమ్మరసం తాగిస్తుంటే, నాయిన ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడ్డాడట. గంటసేపు ఒక్క మాట లేదు. అంతకు ముందే, ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డు మీది చెక్క తోరణం పక్కన దిగారు. అక్కడ రోడ్డు పని చేస్తున్న ఇద్దరి కంచు బొమ్మలున్నాయి. వాటి పక్కన నాయిన నిలబడ్డ ఫోటో అన్న పంపించాడు. ఫోటో అంటే బిగుసుకుపోయే మనిషి, అందులో ఒకడి భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

రెండు వారాలకు ఒక ఆదివారం మళ్ళీ పోయారు. ఈసారి ఒడ్డు జోలికి పోకుండా గీలాంగ్, కొలాక్, సింప్సన్ మీదుగా చక్కని దారిలో పోర్ట్ క్యాంప్‌బెల్ వైపు పంపించాను. అమ్మ నిద్రపోయింది. నాయినకు ఆ దారే నచ్చింది. దారి పొడుగునా పచ్చిక, పాడి ఆవులు. ఒక్క మనిషి కనిపించకుండా అన్ని ఆవులను ఎట్ల మేపుతారని అన్నను సతాయించాడట. అపోసల్స్ పేరుకే పన్నెండు. సున్నపురాయిని అలలు కోసి కోసి నిలబెట్టిన స్తంభాలవి. 2005 జూలైలో ఒకటి కూలింది. "మన వాగు గట్టు కోసుకపోయినట్లే" అన్నాడట నాయిన. పక్కనున్న లాక్ ఆర్డ్ లోయ దగ్గర మాత్రం అమ్మ కండ్లనీళ్ళు పెట్టుకుంది. 1878లో అక్కడ ఓడ మునిగి 54 మందిలో ఇద్దరే మిగిలారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఇద్దరూ ఇరవై లోపు వాళ్ళు. ఇంటి నుంచి పోయిన పిల్లల కథ అమ్మకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఏప్రిల్లో తిరిగి వచ్చారు. శంషాబాదు నుంచి కారులో వస్తుంటే బీచుపల్లి వంతెన మీద నాయిన అద్దం దించి కిందికి చూశాడు. కృష్ణలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. రోజూ కాలేజీకి పోతూ నేను దాటే వంతెనే.

"ఈ నీళ్ళు యాడ కలుస్తయి సముద్రంల?"

"హంసలదీవి దగ్గర, నాయినా. శ్రీశైలం, సాగరు, విజయవాడ దాటినంక."

"పోవచ్చునా? నువ్వు గూడ చూడలే గద."

నేను జవాబు చెప్పకముందే వెనక సీటు నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ముందుగాల అడుగు, ఆ దారిల మలుపులున్నయా?"