మబ్బు చూసి టీమ్ పెట్టే తమ్ముళ్లకు



ఈ వారం వాక్య ధ్యానానికి బదులు క్రికెట్ గురించి రాస్తున్నానని పెద్దలు కోప్పడకండి. మన యౌవనస్థులు అడిగిన ప్రశ్న ఇది. "అయ్యగారూ, ఫాంటసీ క్రికెట్ జూదం ఎలా అవుతుంది? మేం చీట్లు వేసి టీమ్ పెట్టడం లేదు కదా, వాతావరణం చూసి లెక్క వేసుకునే పెడుతున్నాం" అంటున్నారు. సరే, ముందు ఆ లెక్కేమిటో చూద్దాం.

తెలియనివారి కోసం: నిజంగా జరిగే మ్యాచ్‌లోని రెండు జట్ల నుంచి పదకొండు మందిని ఎంచుకోవాలి. వాళ్ల పరుగులకు, వికెట్లకు పాయింట్లు వస్తాయి. కెప్టెన్‌గా పెట్టినవాడికి రెట్టింపు, వైస్ కెప్టెన్‌కు ఒకటిన్నర రెట్లు. ఆట మొదలైతే ఇక మార్చడానికి లేదు. ఐపీఎల్ రాత్రి మ్యాచ్‌కు ఏడింటికి టాస్, ఏడున్నరకు ఆట. ఆ అరగంటలో మన పిల్లలు వాతావరణ శాఖవాళ్లయిపోతారు.

వాళ్లు చూసేవి ఇవి. మబ్బు పట్టి ఉంటే కొత్త బంతి గాలిలో వంపు తిరుగుతుందని ఫాస్ట్ బౌలర్లను ఎక్కువ పెడతారు. (ఎందుకు తిరుగుతుందో శాస్త్రజ్ఞులే ఇంకా ఒక మాట మీదికి రాలేదు.) రాత్రి మంచు కురిస్తే బంతి తడిసి స్పిన్నర్ వేళ్లకు పట్టు దొరకదు, రెండోసారి బ్యాటింగ్ చేసే జట్టుకు సుళువు. ఈ ఇబ్బంది ఎంత పెద్దదంటే, 2025 ఐపీఎల్‌లో రాత్రి మ్యాచ్‌ల రెండో ఇన్నింగ్స్‌లో పది ఓవర్లు దాటాక బంతి మార్చుకునే వీలు కల్పించారు. వాన పడి ఓవర్లు తగ్గితే బౌలర్ వాటా కూడా తగ్గుతుంది. ఇరవై ఓవర్ల ఆటలో ఒకడు నాలుగు వేయొచ్చు, పదిహేనైతే మూడే. అంటే బౌలర్‌కు పాయింట్లు తెచ్చే అవకాశం నాలుగో వంతు పోయినట్టే. ఇదంతా నాకు నేర్పింది మన పిల్లలే. తెలివిగల పిల్లలు, అందులో సందేహం లేదు.

కానీ ఆ తెలివి ఎంతవరకు పనికొస్తుందో 2023 ఫైనల్ చూస్తే తెలుస్తుంది. అహ్మదాబాద్‌లో మే 28న ఆట జరగాలి, వానకు ఒక్క బంతి పడలేదు. 29న గుజరాత్ 214 కొట్టింది. చెన్నై బ్యాటింగ్‌కు వచ్చి మూడు బంతులు ఆడిందో లేదో మళ్లీ వాన. అర్ధరాత్రి దాటాక 15 ఓవర్లలో 171 అని లక్ష్యం మార్చారు. మైదానం తడి, బంతి తడి. స్పిన్నర్లకు ఇక పనిలేదని లెక్క చెబుతుంది. ఆ సీజన్‌లో 27 వికెట్లు తీసిన రషీద్ ఖాన్ మూడు ఓవర్లలో 44 పరుగులిచ్చి ఒక్క వికెట్ కూడా తీయలేదు. లెక్క సరిపోయింది కదా? అదే తడి బంతితో, అదే దేశపు కుర్రవాడు నూర్ అహ్మద్ మూడు ఓవర్లలో 17 పరుగులే ఇచ్చి ఇద్దరు ఓపెనర్లనూ అవుట్ చేశాడు. మన గుంటూరు బిడ్డ అంబటి రాయుడు తన ఆఖరి ఐపీఎల్ మ్యాచ్‌లో ఎనిమిది బంతులే ఆడి 19 కొట్టాడు. చివరి బంతికి చెన్నై గెలిచింది. మబ్బు గురించి అంతా తెలిసినవాడికి కూడా, రషీద్‌ను పెట్టాలో నూర్‌ను పెట్టాలో ఆ మబ్బు చెప్పలేదు.

ఇక జూదం మాట. 2017లో పంజాబ్ హర్యానా హైకోర్టు ఇది నైపుణ్యం గల ఆట అంది. 2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక డ్రీమ్ ఇలెవన్ లాంటివి దేశమంతటా డబ్బు పోటీలు ఆపేశాయి. చట్టం సంగతి అలా ఉంచండి. నైపుణ్యం ఉందని నేను ఒప్పుకుంటున్నాను. నేను అడిగేది ఆ నైపుణ్యం మీద ఏం ఒడ్డుతున్నావని. డ్వాక్రా వాయిదా కోసం బియ్యం డబ్బాలో దాచిన డబ్బు ఏదో ఒక యాప్‌లోకి పోయిందని ఒక తల్లి నా ఎదుట కూర్చుని ఏడ్చినప్పుడు, ఆ కుర్రవాడి లెక్కలో తప్పెక్కడో నేను వెతకలేదు. డబ్బు లేకుండా స్నేహితులతో సరదాగా ఆడుకుంటే నాకు అభ్యంతరం లేదు. ప్రసంగం జరిగేటప్పుడు మాత్రం ఫోన్ జేబులో ఉండాలి.

నా మనసులో నాటుకుపోయింది వేరే సంగతి. 2023 డిసెంబరు 5, మంగళవారం. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి కోతల కాలం. మన దగ్గర చాలామంది వేసే బీపీటీ 5204 ఆ బాపట్లలో పుట్టిన వంగడమే. దాదాపు అయిదు నెలల పంట, అందుకే సరిగ్గా తుఫానుల రోజుల్లోనే కోతకొస్తుంది. కోసిన పనలు నీళ్లలో తేలాయి, కోయని చేలు నేలకు ఒరిగాయి. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక తండ్రులు మందిరం వాకిట్లో నీళ్లు ఎటు తీయాలా అని మాట్లాడుకుంటున్నారు. వేపచెట్టు కింద కొడుకులు ఫోన్లు పట్టుకుని డర్బన్‌లో వాన శాతం చూస్తున్నారు. ఆ సాయంత్రం భారత్, దక్షిణాఫ్రికా టీ20. అదీ ఒక్క బంతి పడకుండానే రద్దయింది.

డబ్బు పోటీలు నడిచిన రోజుల్లో ఇలాంటి ఆటల్లో మ్యాచ్ రద్దైతే కట్టిన డబ్బు వెనక్కి ఇచ్చే నియమం ఉండేది. పొలానికి ఆ నియమం లేదు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో బేరం మొదలవుతుంది, మొలకెత్తితే బేరం కూడా ఉండదు. చెన్నై గాలిలో తేమ ఎంతో చెప్పగల కుర్రవాడికి నాన్న ధాన్యంలో తేమ ఎంతో తెలియకపోతే నాకు బాధ.

లూకా సువార్త 12వ అధ్యాయం చివరి భాగం తీసి చదవండి. పడమటి మబ్బును, దక్షిణపు గాలిని చూసి రేపటి సంగతి చెప్పగల జనంతో ప్రభువు మాట్లాడుతున్నాడు. ఆకాశాన్ని చదవడం తప్పని ఆయన అనలేదు. ఆ చదివే కన్ను తమ ముందున్న కాలం మీదికి ఎందుకు తిరగడం లేదని అడిగాడు. ఆ మాట విన్నవాళ్లు రైతులు, జాలరులు. మనలాంటివాళ్లే.

అందుకని యౌవనస్థుల్లో ఇద్దరికి ఒక పని అప్పగించాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోజూ సాయంత్రం వాతావరణ శాఖ బులెటిన్ చూసి సంఘం గ్రూపులో రెండు ముక్కలు తెలుగులో పెట్టాలి: కోత కోయొచ్చా, పనలు కుప్ప వేసి బరకం కప్పాలా, నిజాంపట్నం నుంచి పడవలు వేటకు వెళ్లొచ్చా. మొదటివారంలోనే రేపల్లె అవతల నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "బాబూ, ఎల్లుండికి కోత మిషను మాట్లాడుకోమంటావా, ఆగమంటావా?" అని అడిగారట. జవాబు చెప్పేముందు ఆ పిల్లవాడు బులెటిన్ మూడుసార్లు చదివాడని వాళ్లమ్మ చెప్పింది.