గట్టు కింది చిన్నాయన

దేవరగట్టు ఏ జిల్లాలో ఉందని అడిగితే మా చిన్నాయన "ఎప్పటి మాట?" అనేవాడు.

ఎగతాళి కాదు. ఆయన పుట్టినప్పుడు ఆ గట్టు మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్ళారి జిల్లా ఆలూరు తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. మూడేళ్లకు ఆంధ్రప్రదేశ్. 2014లో అదీ రెండయింది. ఆయన మాత్రం గట్టు కింద పల్లెలో అదే గడప మీద కూర్చుని ఉన్నాడు.

పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఏడు పుట్టినాడని మా అవ్వ లెక్క. అంటే 1938. ఆ సంఘం దుప్పటి తప్ప వేరే దుప్పటి చిన్నాయన కప్పుకోలేదు.

ఇది వాన మీద బతికే సీమ. కొన్ని ఊళ్లకు తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు వస్తాయి, మిగతా ఊళ్లు మబ్బు వైపు చూస్తాయి. పత్తి పండితే ఆదోని మార్కెట్టుకు, పండకపోతే పిల్లాజెల్లాతో సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరపచేలకు. చిన్నాయన కూడా చాలాసార్లు సుగ్గికి పోయినాడు. దసరా రాత్రికి మాత్రం గట్టు విడిచి ఎక్కడా ఉండలేదు.

ఆ రాత్రి జరిగే బన్ని గురించి పేపర్లలో ఏటా ఒకే వార్త: కర్రల సమరం, ఇంతమందికి తలలు పగిలాయి, పోలీసులు విఫలం. అబద్ధం కాదు. ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. దాన్ని నేను భక్తి పేరుతో కప్పిపెట్టను. కానీ వార్తలో ముందటి కథ రాదు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు నిష్ఠగా ఉండి, పాత కక్షలు పక్కన పెడతామని పాలు ముట్టి బాస చేస్తారు. అర్ధరాత్రి కొండ మీద మాళ మల్లేశ్వరుల కల్యాణం అయ్యాక విగ్రహాలు కిందికి దిగుతాయి. దివిటీలు, ఇనుప చుట్లు బిగించిన కర్రలు, "డుర్ గోపరాక్" కేకలు. వేరే ఊళ్లవాళ్లు దేవుణ్ణి తమవైపు లాక్కోవాలని మీదపడతారు. "కొట్టేదానికి పోతామా? కాసుకునేదానికి పోతాం" అనేవాడు చిన్నాయన, ఎడమ కనుబొమ్మ మీది మచ్చ తడుముకుంటూ. దెబ్బకు మందు బండారు, అంటే పసుపు. కుట్లు వేయించుకోమంటే ఒప్పుకునేవాడు కాదు.

ఊరేగింపు దారిలో రక్షపడ అనే చోట ఒక గొరవయ్య, అంటే దేవుడి భక్తుడు, తొడ కోసి రక్తం ధారపోస్తాడు. మణి, మల్లాసురులనే రాక్షసులు దేవుడి చేతిలో చనిపోతూ అడిగిన వాటా అది అంటారు. అక్కడ చిన్నాయన ఎన్నడూ తల ఎత్తి చూడలేదు. తలలు పగలడం చూసిన మనిషికి అది మాత్రం చూడబుద్ధయ్యేది కాదు.

తర్వాత కారణికం. వచ్చే ఏడు వానలెట్లా, ఏ పంట ఏ ధర పలుకుతుంది అని దేవుడి మాటగా పూజారి చెబుతాడు. ఆ మాటల్లో కన్నడమే ఎక్కువ. చిన్నాయన తరానికి రెండు భాషలూ ఇంటివే. ఆదోనిలో తెలుగు బడిలో చదివిన నాకు కన్నడం చెవిన పడుతుంది గానీ ఎక్కదు.

నేను ఆయనతో చివరిసారి పోయిన ఏడు ఆయనకు ఎనభై దాటాయి, చెవులు దాదాపు పోయాయి. కర్ర పట్టడం మానేసి రాతి మీద ఓ పక్కగా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కారణికం మొదలయింది. ఆయనకు వినపడదు, నాకు అర్థం కాదు. విన్న మాట విన్నట్టే ఆయన చెవిలో అరిచాను. ఆయన తెలుగులో నాకు చెప్పాడు. జొన్నలకు, పత్తికి ధర బాగానే వచ్చింది.

"మంచిమాటే కదా చిన్నాయనా" అన్నాను.

"దేవుడు చెప్పినాడు, సరే. ఆదోని సేట్లు వినద్దా నాయనా?" అని బోసినోటితో నవ్వినాడు.