క్యాలెండర్‌లో లేని తీపి పండుగ

రసగుల్లాకు, చద్దన్నానికి ప్రత్యేక దినాలు ఏర్పరచుకున్న ఒడిశా వాటి వెనుక ఉన్న చేతులను మాత్రం ఇంకా గుర్తుంచుకోవాల్సి ఉంది

ఆషాఢ శుద్ధ త్రయోదశి సాయంత్రం పూరీ జగన్నాథుడి గుడిలో జరిగేది అచ్చమైన సంసారపు తగువు. అన్నను, చెల్లెలిని వెంటబెట్టుకుని రథమెక్కి గుండిచా మందిరానికి వెళ్లిన జగన్నాథుడు తిరిగొచ్చాడు. భార్యను మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లాడు. మధ్యలో హేరా పంచమి నాడు లక్ష్మీదేవి స్వయంగా అక్కడికి వెళ్లి, కోపం పట్టలేక ఆయన రథం చెక్క ఒకటి విరిచి మరీ వచ్చింది. ఇప్పుడు బలభద్రుడు, సుభద్ర లోపలికి వెళ్లగానే స్వామి ముఖం మీదే తలుపులు మూసుకుంటాయి. అమ్మవారి తరఫున కొందరు, అయ్యవారి తరఫున కొందరు సేవకులు వాదులాడుకుంటారు. చివరికి రసగుల్లాలు సమర్పించుకుంటే గానీ ఆమె శాంతించదు, ఆయనకు సింహాసనం దక్కదు.

ఈ తంతు పేరు నీలాద్రి బిజె. రథయాత్ర వేడుకలకు అదే ముగింపు. రథం కదిలే రోజున ఉండే ప్రభుత్వ సెలవు ఈ రోజుకు లేదు. అయినా 2015 నుంచి ఒడియాలు దీన్ని ‘రసగొలా దిబస’గా జరుపుకుంటున్నారు. ఉత్తర్వు కోసం ఎవరూ ఎదురుచూడలేదు. ఆ ఏడాది జులై 30న సామాజిక మాధ్యమాల్లో ఒక హ్యాష్‌ట్యాగ్ పుట్టింది, ఊరూరా రసగుల్లాల కుండల ఫొటోలు వెల్లువెత్తాయి. సైకత శిల్పి సుదర్శన్ పట్నాయక్ పూరీ తీరంలో ఇసుకతో దానికి రూపమిచ్చారు.

ఆ ఉత్సాహం వెనుక ఉన్నది భక్తి ఒక్కటే కాదు. రసగుల్లా ఎవరిదన్న వివాదం అప్పటికే రాజుకుంది. 1868లో కోల్‌కతాలోని బాగ్‌బజార్‌లో నవీన్ చంద్ర దాస్ చేతిలో అది రూపుదిద్దుకుందని బెంగాల్ వాదన. 15వ శతాబ్దపు బలరామ్ దాస్ రాసిన దండి రామాయణంలోనే దాని ప్రస్తావన ఉందని ఒడిశా జవాబు. జగన్నాథుడి ఛప్పన్న భోగాల్లో ఆ పేరే లేదని బెంగాల్ ఎదురు ప్రశ్న. 2017 నవంబర్ 14న ‘బాంగ్లార్ రొసొగొల్లా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ మరుసటి ఏడాది నుంచి బెంగాల్ ఆ తేదీన తన రసగుల్లా దినం జరుపుకోవడం మొదలుపెట్టింది. ఒడిశా చిన్నతరహా పరిశ్రమల సంస్థ, మిఠాయి వ్యాపారుల సంఘం కలిసి చేసిన దరఖాస్తు ఫలించి 2019 జులై 29న ‘ఒడిశా రసగొలా’కూ అదే గుర్తింపు వచ్చింది. తెల్లగా, స్పాంజిలా ఉండేది వారిది. మెత్తగా, లేత గోధుమ రంగులో ఉండేది వీరిది. ఇద్దరూ గెలిచామనుకునే తీర్పులు మన దేశంలో అరుదు.

ఈ గోధుమ రంగు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలంటే పహాల వెళ్లాలి. చెన్నై నుంచి విజయవాడ, విశాఖ, శ్రీకాకుళం మీదుగా కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీదే, భువనేశ్వర్ దాటి కటక్ వైపు సాగితే వచ్చే ఊరు అది. రోడ్డు పక్కన వరుసగా మిఠాయి దుకాణాలు. బస్సులు, లారీలు, కార్లు ఆగకుండా పోవడం కష్టం. విరిచిన పాలను గుడ్డలో వడగట్టి, ఆ ఛెనాను అరచేత్తో మెత్తగా మెదిపి, ఉండలు చుట్టి, పెద్ద మూకుళ్లలో మరిగే పాకంలోకి జారవిడుస్తారు. మరిగేకొద్దీ పంచదార మాడీ మాడనట్టుగా రంగు మారి ఉండలకు పడుతుంది. రసగుల్లా రంగు పొయ్యి దగ్గర గడిపిన సమయానికి గుర్తన్నమాట. బాగ్‌బజార్ రసగుల్లాకు చెప్పుకోవడానికి ఒక మనిషి పేరుంది. పహాలకు ఉన్నది ఊరి పేరే.

తీపితో మొదలైన ఒడియాల సంబరం అక్కడితో ఆగలేదు. మార్చి 20 ‘పఖాళ దిబస’. పఖాళ అంటే అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టింది, మన చద్దన్నానికి తోబుట్టువు. పెరుగు, వడియాల పొడి, ఆకుకూర వేపుడు, వేయించిన చేప దానికి జోడీ. పొలానికి వెళ్లే రైతు కడుపు నింపిన కూడు ఆ రోజున భువనేశ్వర్‌లోని పెద్ద హోటళ్ల బల్లల మీదికి ఎక్కుతుంది. పెద్దల మాట చద్ది మూట అంటూనే చద్దిని పేదల తిండిగా చూసే తెలుగువారు గమనించాల్సిన ముచ్చటే ఇది. ఎండలు ముదిరే వేళ ఒక రాష్ట్రం తన చద్దన్నాన్ని సిగ్గుపడకుండా నలుగురికీ చూపించుకుంటోంది.

అయితే ఈ పండుగలన్నింటిలో ఒక తిరకాసుంది. అవి తినేవారి పండుగలు. వండేవారికి ఆ రోజున పని రెట్టింపవుతుంది తప్ప తీరిక దొరకదు. భౌగోళిక గుర్తింపు వచ్చినా అది ప్రాంతానికి వచ్చినట్టే. ఆ ముద్రను అధికారికంగా వాడుకోవాలంటే తయారీదారు విడిగా నమోదు చేయించుకోవాలి. పాకం దగ్గర నిలబడే కూలీకి అందులో చోటు వెతకడం కష్టమే.

మనిషిని తలుచుకునే దినం కూడా ఒకటి ఉంది. ఏప్రిల్ 11న జరుపుకునే ‘ఛెనా పోడ దిబస’. నయాగఢ్ ప్రాంతానికి చెందిన మిఠాయి తయారీదారు సుదర్శన్ సాహు పుట్టినరోజది. పంచదార కలిపిన ఛెనాను ఆయన రాత్రి వేడి చల్లారని పొయ్యిలో వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రగా కాలి కొత్త మిఠాయి అయిందని చెబుతారు. వంటకం పేరుతో వచ్చినా అది ఒక పనివాడి జయంతి.

ఇక వృత్తులకంటూ ఉన్న రోజు సెప్టెంబర్ 17, విశ్వకర్మ పూజ. మన ఆయుధ పూజలాగే ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి. సెలవు ఎవరు ఇచ్చినా ఇవ్వకున్నా గ్యారేజీల్లో పానాలు, సుత్తులు పూజలందుకుంటాయి, ఆటోలు పూలదండలతో ముస్తాబవుతాయి. 2023లో కేంద్రం అదే రోజున ప్రధానమంత్రి విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ మొదలుకొని పూలదండలు కట్టేవారి దాకా 18 వృత్తులు అందులో ఉన్నాయి. మిఠాయి తయారీ లేదు. రసగుల్లా పోసే మట్టి కుండ చేసేవారికి జాబితాలో చోటుంది, ఆ కుండలో పోసే రసగుల్లా చేసేవారికి లేదు.

అలిగిన అమ్మవారిని ప్రసన్నం చేసుకోవడానికి జగన్నాథుడికి ఏడాదికి ఒక సాయంత్రం, ఒక కుండెడు రసగుల్లాలు సరిపోతాయి. ఆ కుండ నింపినవారు అలగడం ఇంకా నేర్చుకోలేదు.