మార్జిన్‌లో తెలుగు

"ఖురానా సాబ్? కింద పెట్టకండి" అన్నాడు పక్కనున్నాయన.

"కాదు భాయ్, ఫిజిక్స్."

నమ్మలేదు. ఉర్దూ అక్షరం కనబడితే చాలు, మతమే అనుకుంటారు. మావాళ్లూ అంతే.

పాతబస్తీ జుమేరాత్ బజార్‌లో, తుప్పు పట్టిన తాళాల పక్కన దొరికిందా పుస్తకం. 1918లో పెట్టిన ఉస్మానియాలో చదువు ఉర్దూలోనే మొదలైంది. అంతకుముందు ఏడాదే పెట్టిన దారుల్ తర్జుమాలో సైన్సు, వైద్యం, న్యాయం అన్నీ ఉర్దూలోకి వచ్చాయి. 1948 తర్వాత బోధన ఇంగ్లీషైంది. ఆ పుస్తకాలు తూకానికొచ్చాయి.

అమ్మేవాడు 1346 చూసి "హిజ్రీ" అన్నాడు. అంటే 1927. అంకె పక్కన చిన్న 'ఫే' అక్షరం ఉంది. ఫస్లీ, నిజాం సర్కారు లెక్క. 590 కలిపితే 1936. అక్షరాల వరస అక్కడక్కడా ఒంగింది. కాతిబ్ చేత్తో రాస్తే రాతిమీద అచ్చేసిన లిథో.

ఇంటికొచ్చి పేజీలు తిప్పాను. మార్జిన్‌లో పెన్సిల్‌తో తెలుగు! 'హరారత్' పక్కన 'వేడి'. ఎవరో తెలుగింటి పిల్లవాడు, హిందువో ముసల్మానో, పరీక్షకి రాసుకున్నాడు. పేరు చెరిగిపోయింది.

ఇంగ్లీషు మీడియం చదివే మా బేటీకి చూపించాను. 'వేడి' చదివింది. దాని పక్కనున్న మాట నేను చదివి వినిపించాల్సొచ్చింది. నా గొంతు పూడుకుపోయింది.

"మీరు ముస్లిం కదా, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని ఇరవయ్యేళ్లుగా ఆఫీసులో అడుగుతూనే ఉన్నారు. ఇకమీదట జవాబు చెప్పను. ఈ పేజీ తెరిచి చూపిస్తాను.