అండం వయసు ఎంత?

బిడ్డకి డౌన్ సిండ్రోమ్ రిస్క్ ఎంతో చూసే డబుల్ మార్కర్ పరీక్షకి రక్తంతో పాటు ల్యాబ్‌కి ఒక ఫారం నింపి పంపుతాం. గర్భం ఐవీఎఫ్‌తో వచ్చిందా, అండం ఎవరిది, ఇచ్చినామె వయసెంత అని అందులో అడుగుతారు. మా గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి వచ్చేవాళ్ల ఫారాల్లో ఆ గళ్లు చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి. పక్కనే అత్తగారు కూర్చుని ఉంటే ఆ గర్భిణి మాత్రం ఏం చెబుతుంది?

పర్చూరు వైపు నుంచి వచ్చినామెకు 44 ఏళ్లు, మూడో నెల. డౌన్ సిండ్రోమ్‌కి హై రిస్క్ అని రిపోర్టు వచ్చింది, తేల్చుకోవాలంటే ఉమ్మనీరు తీసి చూడాలి. భర్త కౌలుకి మిరప వేస్తాడు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర పంట మీద అప్పు తెచ్చి వైద్యం చేయించాడు. "ఉమ్మనీరు తీస్తే కడుపు నిలుస్తుందా మేడం? ఇన్నేళ్లకి వచ్చింది" అని అతను మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు. ఆమె తలెత్తలేదు. బీపీ చూడాలని ఆమెనొక్కదాన్నే లోపలికి తీసుకెళ్లాను. చేతికి పట్టీ చుడుతుంటే గొంతు తగ్గించి చెప్పింది: "అండం నాది కాదు మేడం. ఆయనకి తెలుసు. అత్తమ్మకి తెలీదు."

అసలు లెక్కంతా అక్కడే ఉంది. రిస్క్ కట్టేది వయసుతో మొదలుపెట్టి. 25 ఏళ్లప్పుడు డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం వెయ్యికి పైగా కాన్పుల్లో ఒకటి, 44 దగ్గర సుమారు 30, 40 కాన్పుల్లో ఒకటి. ఆ వయసు అండానిది, మోసే తల్లిది కాదు. ఫ్రీజ్ చేసిన పిండమైతే అండం తీసిన రోజుకి ఉన్న వయసే వేయాలి. పైగా ఐవీఎఫ్ గర్భాల్లో మాయ నుంచి వచ్చే, డబుల్ మార్కర్‌లో కొలిచే ప్యాప్-ఎ అనే ప్రోటీన్ కాస్త తక్కువగా ఉండటం మామూలే. ఐవీఎఫ్ అని రాయకపోతే ఆ తగ్గుదల కూడా బిడ్డ లోపం ఖాతాలో పడుతుంది. వైద్యం చేసిన సెంటరు నుంచి దాత వయసు తెప్పించాం: 26. పేరు మాకు అక్కర్లేదు. స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీటి పొర (ఎన్‌టీ) కొలత మొదటినుంచీ బాగానే ఉంది. మళ్లీ లెక్క కట్టిస్తే రిస్క్ బాగా తగ్గిపోయింది, ఉమ్మనీరు తీసే సూదితో పని పడలేదు. అయిదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్, బిడ్డ గుండె స్కాన్ మాత్రం తప్పవని చెప్పాను.

2019 సెప్టెంబరు 5న ఎర్రమట్టి మంగాయమ్మ గారు 70 దాటిన వయసులో, దాత అండంతో చేసిన ఐవీఎఫ్‌తో గుంటూరులోనే కవల ఆడపిల్లల్ని కన్నారు. అప్పుడు దేశమంతా ఆమె వయసు గురించే మాట్లాడుకుంది. ఆమె గుండెకి, బీపీకి ఆ వయసు నిజంగా భయపడాల్సిందే. క్రోమోజోముల లెక్కకి మాత్రం దానితో సంబంధం లేదు, అండం దాతది కనుక. ఐవీఎఫ్ లాంటి వైద్యాల మీద వచ్చిన 2021 చట్టం తర్వాత ఐవీఎఫ్‌కి ఆడవాళ్లకి 50 ఏళ్లు హద్దు. అండం ఇచ్చేవాళ్ల వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి.

అద్దంకి నుంచి వచ్చిన, ఐవీఎఫ్‌తోనే గర్భం దాల్చిన ఇంకో అమ్మాయికి తల్లి రక్తంలో బిడ్డ డీఎన్ఏ చూసే పరీక్ష తేడాగా వచ్చింది. పెట్టింది రెండు పిండాలనీ, ఒకటి ఏడో వారంలో ఆగిపోయిందనీ పాత స్కాన్ కాగితం చూశాకే తెలిసింది. ఆగిపోయిన పిండం తాలూకు డీఎన్ఏ కొన్ని వారాలు రక్తంలో ఉంటుంది. అందుకే బిడ్డ సంగతి తేలాలంటే ఈమెకి ఉమ్మనీరు పరీక్ష చేయించాల్సి వచ్చింది. చేయి తిరిగినవాళ్లు చేస్తే గర్భం పోయే ప్రమాదం రెండొందల్లో ఒకటి కన్నా తక్కువని ఆలుమగలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఒప్పుకున్నారు. బిడ్డ క్రోమోజోములు సరిగ్గానే ఉన్నాయి.

అందుకే ఇప్పుడు సెంటర్లో ఇచ్చిన కాగితాలన్నీ తెమ్మంటాను: పిండం పెట్టిన తేదీ, ఎన్ని పెట్టారు, ఫ్రీజ్ చేసినవా, అండం వయసెంత. మొదటి చెకప్‌కి ఎవరు వెంట వచ్చినా, కాసేపు ఆమెతో ఒంటరిగా మాట్లాడతాను. దాత సంగతి ల్యాబ్ ఫారంలో రాస్తాను, నా దగ్గరుండే కేసు షీటులో రాస్తాను. ఇంటికి తీసుకెళ్లే ఫైలులో రాయను. అత్తగారికి చెప్పాలో వద్దో ఆ ఆలుమగలే తేల్చుకుంటారు.