నురగకి మూడు మార్కులు

నవంబర్ 8, డబ్లిన్
బార్‌మ్యాన్ పింటు గ్లాసులో గిన్నిస్ నల్ల బీరు ముప్పాతిక నింపి కౌంటర్ మీద వదిలేశాడు. లోపల మట్టిరంగు మబ్బు కిందికి జారుతోంది. బుడగలు పైకి కదా పోవాలి? నడిమధ్య పైకే పోతున్నాయి. గ్లాసు పైకి వెడల్పవుతుంది కాబట్టి అంచుల వెంట బీరు దిగుతూ సన్న బుడగల్ని లాక్కుపోతుంది. ఈ తతంగానికి గిన్నిస్ వాళ్లు చెప్పే లెక్క 119.5 సెకన్లు. ఆ అర సెకను ముచ్చటేమిటో!

నవంబర్ 9
బీరు పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ మార్కుల కాగితం తిరగేశాను. మొత్తం 50. రుచికి 20, వాసనకు 12, మొత్తమ్మీద అభిప్రాయానికి 10, నోట్లో తగిలే తీరుకు 5. రూపానికి 3. నిన్న పబ్బులో అందరూ ఎగబడి ఫోటో తీసుకున్నది ఆ మూడు మార్కుల సరుకునే.

నవంబర్ 13
గ్లాసుని లైటుకి ఎదురుగా పట్టుకుంటే నలుపు కాదు, అడుగున కెంపు ఎరుపు. ఆ రంగూ ఆ మాడు రుచీ మొలకెత్తించకుండా వేయించిన బార్లీవి. 232 డిగ్రీల దగ్గర వేయిస్తారు. 1880లో మాల్టు (మొలకెత్తించిన బార్లీ) మీది పన్ను ఎత్తేసేదాకా అలాంటి గింజ వాడనిచ్చేవాళ్లు కాదు. ‘సంప్రదాయ రుచి’ అని మురిసిపోయేవాళ్లు పన్నుల శాఖకీ ఒక దండం పెట్టాలి.

నవంబర్ 15
ఆఫీసులో కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాణ్ణి పబ్బుకి తీసుకెళ్లాను. రెండు గుక్కలు తాగి, “ఏందన్నా ఇది, పైన మీగడ, కింద నీళ్లు!” అన్నాడు. జడ్జీ కూడా ఇంతకన్నా చెప్పడు. ఆ మీగడంతా నైట్రోజన్ పుణ్యం. 1959లో మైకేల్ యాష్ అనే గణితజ్ఞుడు కుదిర్చిన ఏర్పాటు అది. దాన్ని పక్కన పెడితే ఇది పల్చటి బీరే, ఆల్కహాలు నాలుగు శాతం పైచిలుకు. పల్చగా ఉండటమే దాని ధర్మం.

నేను మాత్రం నా పింటుని పావుగంట ముట్టుకోను. చల్లదనం తప్పుల్ని దాచేస్తుంది. కాస్త వెచ్చబడ్డాక ఉడికిన మొక్కజొన్న వాసనో, వెన్న జిడ్డో ఉంటే పట్టుబడుతుంది. మంచిదైతే ముందు కాఫీ గింజ చేదు, వెనకాల చిన్న పులుపు, మింగాక నాలుక పొడిబారాలి. తీపి మిగలకూడదు. మాడు మరీ ఎక్కువైతే బూడిద నాకినట్టుంటుంది. దాన్ని ‘ఘాటు’ అని మెచ్చుకునేవాళ్లతో నాకు పడదు.

నవంబర్ 22, కార్క్
ఇక్కడ పట్టింపంతా మర్ఫీస్, బీమిష్ అనే రెండు నల్ల బీర్ల మధ్యే. బీమిష్ 1792 నాటిది, మర్ఫీస్ 1856. బీమిష్ పాత కార్ఖానా 2009లో మూతపడింది. ఇప్పుడు రెండూ ఒకే చోట తయారవుతున్నాయి. అయినా తేడా తెలుస్తోంది. మర్ఫీస్ మెత్తన, చివర తీపి చాయ. బీమిష్‌లో చాక్లెట్ చేదు గొంతుదాకా వచ్చి టక్కున ఆగిపోతుంది. నా ఓటు బీమిష్‌కే.

నవంబర్ 24
“ఒక్కో పింటు తాగి తీర్పు చెప్పేస్తావా అన్నా?” అంటాడు కుర్రాడు. న్యాయమైన ప్రశ్నే. కొద్దిపాటి నమూనాలతో ఎంతవరకు నమ్మొచ్చో లెక్క కట్టింది గిన్నిస్ ఉద్యోగే, విలియం గాసెట్. 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో అచ్చువేశాడు. సరే, మళ్లీ కార్క్ పోదాం, ఈసారి గ్లాసులు ఎవరివో తెలియకుండా తాగిచూద్దాం అన్నాను. రైలు టికెట్లు నన్నే తీయమన్నాడు.