ఆడే చేయి, చేసే చేయి

పనిముట్టు మంచి చెడులను తేల్చేది దానిని వాడే చేయి. నాగలి చెక్కే వడ్రంగికి దుక్కి దున్నిన అనుభవం ఉంటే, మేడి ఏ ఎత్తున ఉండాలో అతనికి మరొకరు చెప్పనవసరం లేదు. చేసేవాడూ వాడేవాడూ ఒక్కడే అయినప్పుడు ఆ వస్తువుకు కొలబద్ద కొలవలేని గుణం ఒకటి అబ్బుతుంది. బిలియర్డ్స్, పూల్ ఆటలలో వాడే క్యూ కర్ర చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

గుడ్డ పరచిన బల్ల మీద బంతులను కర్రతో కొట్టి ఆడే ఆటలలో బిలియర్డ్స్, స్నూకర్, పూల్ ముఖ్యమైనవి. వీటిలో స్నూకర్ 1875లో మన దేశంలోనే, జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టింది. ఆటలు వేరైనా అన్నింటికీ ఆధారం క్యూ. పూల్ క్యూ పొడవు సుమారు 58 అంగుళాలు; బరువు అర కిలోకు కాస్త ఎక్కువ. చూపులకు అది నున్నగా చెక్కిన కర్ర మాత్రమే. కానీ దాని కొన బంతిని తాకి ఉండే కాలం దాదాపు సెకనులో వెయ్యో వంతు. ఆటగాడి ఉద్దేశమంతా ఆ లిప్తకాలంలోనే బంతికి అందాలి. అందుకే ఆ కొన ఎలా ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు.

పూర్వం క్యూ కొన వట్టి కర్రే. బంతిని నడిమధ్యన కొడితే సరి. కాస్త పక్కన తగిలితే కర్ర జారిపోయేది. ఆ లోపాన్ని సరిదిద్దిన ఖ్యాతి ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన ఫ్రాన్స్వా మెంగోకు దక్కింది. రాజకీయ కారణాలతో చెరసాల పాలైన ఆయనకు బిలియర్డ్స్ బల్లే తోడయింది. పందొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆయన క్యూ కొనకు చిన్న తోలు బిళ్లను అమర్చి ఆడి చూశాడు. తోలు జారలేదు, బంతిని ఒక్క క్షణం పట్టి వదిలింది. బంతి కింది భాగంలో కొడితే అది ఎదుటి బంతిని తాకి, పిలిచినట్లు వెనక్కు వచ్చింది. పక్కన కొడితే గిర్రున తిరుగుతూ గట్టును తాకి దారి మార్చుకుంది. శిక్షాకాలం ముగిసినా, సాధన పూర్తి చేసుకోవడానికి మరికొంత కాలం చెరలోనే ఉండనివ్వమని మెంగో కోరాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎలా ఉన్నా, ఆ తోలు బిళ్ల వెనుక ఉన్నది ఆటగాడి అసంతృప్తి. తన చేతికి తెలిసిన లోపాన్ని తన చేతితోనే తీర్చుకున్నవాడు మెంగో.

నూట యాభై సంవత్సరాల తరువాత అమెరికాలో ఈ మాటను మరొకరు రుజువు చేశారు. ఆయన జార్జ్ బాలాబుష్కా. 1912లో రష్యాలో జన్మించి, 1924లో కుటుంబంతో న్యూయార్క్ చేరిన బాలుడు పెరిగి వడ్రంగి అయ్యాడు. పగలు కొయ్యపనితో పొట్టపోసుకునే ఆయనకు పూల్ ఆట ప్రాణం. ఒకనాడు పనిలో ఉండగా రంపపు యంత్రం ఆయన వేలిని బలిగొన్నది. చేతి పట్టు మీదనే బతికే మనిషికి, చేతి నిలకడ మీదనే ఆధారపడే ఆటగాడికి అంతకు మించిన ఆపద ఏముంటుంది? బాలాబుష్కా కుంగిపోలేదు. అసలు వేలిని తలపించే కృత్రిమ వేలిని తానే తయారు చేసుకున్నాడు. పని మానలేదు, ఆటా మానలేదు.

1959లో ఆయన ఒక మిత్రునితో కలిసి పూల్ హాలు కొన్నాడు. అక్కడ విరిగిన క్యూలను బాగుచేస్తూ, ఆ యేటి క్రిస్మస్‌కు కొన్ని కొత్త క్యూలు చేసి స్నేహితులకు కానుకగా ఇచ్చాడు. వాటితో ఆడినవారు మరొకరికి చెప్పారు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి, మేటి ఆటగాళ్లు ఆయనను వెతుక్కుంటూ వచ్చారు.

క్యూ తయారీ తొందరపడితే కుదరని పని. మేపుల్ కొయ్యను ఒకేసారి సన్నగా చెక్కితే అందులోని బిగువు సడలి, అది కొంతకాలానికి వంగిపోతుంది. అందుకే కొద్దిగా చెక్కి, వారాల తరబడి ఆరబెట్టి, మళ్లీ కొద్దిగా చెక్కుతారు. రెండు ముక్కలను కలిపే మర, చెమటను పీల్చే నారదారపు పట్టు, బరువు నిలిచే చోటు అన్నీ కుదరాలి. బరువులోనూ పొడవులోనూ సమానమైన రెండు క్యూలలో ఒకటి చేతిలో సజీవంగా, మరొకటి మొద్దుగా ఉండవచ్చు. ఆ తేడా త్రాసుకు తెలియదు. ఆడిన చేతికి తెలుస్తుంది.

అయితే మంచి ఆటగాడైనంత మాత్రాన మంచి శిల్పి కాలేడు. తన చేతికి నప్పినదే లోకానికంతటికీ నప్పుతుందనుకుంటే అతని నైపుణ్యమే అతనికి అడ్డుగోడ అవుతుంది. ఒకరిది బలమైన దెబ్బ. ఇంకొకరిది మెత్తని తాకిడి. తన ఆటను కాసేపు పక్కన పెట్టి, ఎదుటివాని ఆటను అర్థం చేసుకున్నప్పుడే అతని క్యూ ఇతరుల చేతుల్లోనూ పలుకుతుంది.

1975లో బాలాబుష్కా కన్నుమూశాడు. ఇటలీ వయొలిన్ శిల్పి స్ట్రాడివేరియస్‌తో ఆయనను పోల్చడం పరిపాటి అయింది. 1986లో వచ్చిన 'ది కలర్ ఆఫ్ మనీ' చిత్రంలో బాలాబుష్కా క్యూ కూడా ఒక పాత్ర వంటిదే. కానీ తెరపై కనిపించినది ఆయన చేసినది కాదు. దానిని పోలిన జాస్ సంస్థ క్యూ. ఆ సంస్థను 1968లో స్థాపించిన డాన్ జేన్స్, బిల్ స్ట్రౌడ్ కూడా ఆటగాళ్లే. నేడు బాలాబుష్కా క్యూలను సేకర్తలు పెద్ద మొత్తాలు చెల్లించి కొంటున్నారు. ఆడితే గీత పడుతుందనే భయంతో వాటిలో కొన్నింటిని పెట్టెలలో భద్రపరుస్తున్నారు.

ఇక్కడే ఒక వింత గోచరిస్తుంది. బాలాబుష్కా పేరు లోకమంతా తెలుసు. ఆయన చేతిపని మాత్రం చాలావరకు బల్లకు దూరమైంది. మెంగో పేరు తెలిసినవారు కొద్దిమందే. ఆయన తోలు బిళ్ల మాత్రం ప్రపంచంలో ఎక్కడ క్యూ ఎత్తినా దాని కొనన నిలిచి ఉంది. కీర్తి ఒకరిని వరించింది, ఉపయోగం మరొకరిని వరించింది. పనిముట్టును ప్రేమతో చేసినవానికి ఈ రెండింటిలో ఏది ఎక్కువ తృప్తినిస్తుందో, ఆటలో మునిగిన మనిషికి వేరే చెప్పనవసరం లేదు. క్యూ పుట్టింది పెట్టెలో ఉండడానికి కాదు. బంతిని తాకే ఆ ఒక్క లిప్త కోసం.